ఓర్‌ఫిష్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు: విశాఖలో పేరు పుట్టిన లోతు నీటి చేప

పొడవాటి వెండి రంగు చేప, నెత్తిన ఎర్రటి జుట్టు, కింద "ప్రళయం రాబోతోంది" అని రాత. ఏడాదికి రెండు మూడు సార్లు ఈ వీడియో నా ఫోన్‌కి వస్తుంది. దాని వెనకాలే ఫోన్లు మొదలవుతాయి. జంతుశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి బంధువులూ, పాత విద్యార్థులూ, తీరంలో ఉండే స్నేహితులూ నన్నే అడుగుతారు. అడిగేవి ఇంచుమించు ఎప్పుడూ అవే. ప్రతిసారీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీ సందేహం ఏదో దాని దగ్గరికే నేరుగా వెళ్ళండి, మొదటి నుంచీ చదవక్కర్లేదు.

## ఫోటోనో వీడియోనో చూసి వచ్చినవాళ్ళకి

ఇది చేపా, సముద్రపు పామా?

చేపే. మొప్పలున్నాయి, రెక్కలున్నాయి, లోపల ఎముకల గూడు ఉంది. పాము అనుకోవడంలో మాత్రం తప్పు లేదు. ఒళ్ళు రిబ్బన్‌లా పక్కల నుంచి నొక్కినట్టు పల్చగా ఉంటుంది, పొడవు మనిషికి మూడు నాలుగింతలు. కళ్ళ పైనుంచి మొదలైన ఎర్రటి వీపు రెక్క ఒంటి పొడవునా సాగుతుంది. ఆ రెక్కలో నాలుగు వందల దాకా పుల్లలుంటాయి. మొదటి పది పన్నెండు పుల్లలు బాగా పొడుగ్గా పెరిగి, నెత్తిన కిరీటంలా నిలబడతాయి. నీటిపైన చచ్చి తేలుతున్న అంత పొడవాటి జంతువునీ, దాని ఎర్రటి జూలునీ ఓడ మీంచి చూసిన పాతకాలం నావికులు సముద్ర సర్పం అనుకున్నారంటే ఆశ్చర్యం లేదు. ఆ కథల్లో కొన్నింటికి మూలం ఈ చేపేనని శాస్త్రవేత్తలు చాలాకాలంగా అంటున్నారు.

ఓర్‌ఫిష్ అనే పేరెలా వచ్చింది? తెలుగులో ఏమనాలి?

ఓర్ అంటే పడవ తెడ్డు. ఈ చేపకి రొమ్ము కింద, రెండు పక్కలా ఒక్కో పుల్ల చొప్పున పొడవైన రెక్కలు వేలాడుతుంటాయి. ఆ పుల్ల చివర తెడ్డు ఆకులా కాస్త వెడల్పవుతుంది. వాటితో తెడ్డు వేసినట్టు ఈదుతుందని ఒకప్పుడు అనుకున్నారు, పేరు అలా నిలిచిపోయింది. నిజానికి వాటితో ఈదదు. నీటిలో రుచినీ ఆహారం జాడనీ పసిగట్టడానికి అవి పనికొస్తాయని ఇప్పటి అభిప్రాయం. ఎవరైనా తెడ్డు చేప అని రాస్తే నాకు సంతోషమే, అయితే వార్తల్లో ఓర్‌ఫిష్ అనే వస్తోంది కాబట్టి ఇక్కడా అదే వాడుతున్నాను.

ఈ కుటుంబంలో ఎన్ని రకాలున్నాయి?

మూడే. కుటుంబం పేరు రెగాలెసిడే. అందులో రెగాలెకస్ గ్లెస్నే, రెగాలెకస్ రస్సెలీ, అగ్రోస్టిక్తిస్ పార్కెరీ అని మూడు జాతులు. మొదటిదానికి 1772లో పీటర్ అస్కానియస్ పేరు పెట్టాడు. గ్లెస్నే అన్న మాట నార్వేలో బెర్గెన్ దగ్గరున్న గ్లెస్‌వేర్ అనే చోటు నుంచి వచ్చింది. రెగాలెకస్ అంటే లాటిన్‌లో హెరింగ్ చేపల రాజు అని అర్థం. రెండోది విశాఖపట్నం చేప. మూడోది దక్షిణ సముద్రాల్లో చాలా అరుదుగా దొరికే సన్నటి రకం.

సైనికులు వరుసగా నిలబడి ఎత్తుకున్న ఫోటో నిజమేనా? మెకాంగ్ నదిలో దొరికిన నాగరాణి అంటున్నారు.

ఫోటో నిజం, దాని కింద రాసే కథ అబద్ధం. ఆ చేప 1996లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, శాన్ డియేగో దగ్గర సముద్రపు ఒడ్డుకి కొట్టుకొచ్చింది. పొడవు సుమారు 7 మీటర్లు. పట్టుకుని నిలబడ్డవాళ్ళు అమెరికా నౌకాదళం వాళ్ళు. అదే ఫోటోని లావోస్, థాయ్‌లాండ్‌లలో పోస్టర్లుగా అచ్చేసి, 1973లో మెకాంగ్ నదిలో అమెరికా సైనికులు పట్టిన నాగరాణి అని రాసి అమ్మారు. అక్కడి జనానికి నదిలో నాగుడు ఉంటాడని గాఢమైన విశ్వాసం ఉంది కాబట్టి ఫోటో ఇంటింటికీ వెళ్ళింది. ఓర్‌ఫిష్ ఉప్పునీటి చేప, నదిలో బతకదు.

ఎంత పొడవు పెరుగుతుంది? 50 అడుగులు దాటుతుందని చదివాను.

నమ్మదగ్గ కొలతలు 8 మీటర్ల దగ్గర, అంటే 26 అడుగుల దగ్గర ఆగుతాయి. 11 మీటర్లు, 17 మీటర్లు అన్న అంకెలు పుస్తకాల్లో, ఇంటర్నెట్‌లో తిరుగుతుంటాయి గానీ వాటి వెనక టేపు పెట్టి కొలిచిన చేప లేదు. 8 మీటర్లతోనే ఇది ఎముకలున్న చేపల్లో ప్రపంచంలోకెల్లా పొడవైనది. తిమింగల సొర ఇంతకన్నా పెద్దది కదా అంటారు. నిజమే, అయితే సొరలకి ఎముకలు ఉండవు, వాటిది మృదులాస్థి.

2025లో తమిళనాడు తీరంలో మత్స్యకారులు పట్టిన చేపని చాలా వార్తల్లో 30 అడుగులని రాశారు. కంటి అంచనాకీ కొలతకీ చాలా తేడా ఉంటుంది. పొడవాటి వస్తువు ఏదైనా నలుగురు కలిసి ఎత్తుకుంటే ఉన్నదానికన్నా పెద్దగానే కనిపిస్తుంది.

మా సంతలో అమ్మే సావళ్ళూ ఇదీ ఒకటేనా?

కాదు. రెండూ వెండి రంగువే, రెండూ రిబ్బన్‌లాగే ఉంటాయి, అందుకే ఈ పొరపాటు జరుగుతుంది. సావడి నోరు తెరిచి చూడండి, సూదుల్లాంటి కోరలుంటాయి. ఓర్‌ఫిష్ నోట్లో పళ్ళే లేవు. సావడికి నెత్తిన ఎర్ర కిరీటం లేదు, రొమ్ము కింద వేలాడే పుల్లలు లేవు, తోక దారంలా సన్నబడిపోతుంది. మన వలల్లో పడే సావళ్ళు మామూలుగా ఒక మీటరు దగ్గర ఉంటాయి. బంధుత్వం చూసినా సావడి వంజరం, సూర చేపల వైపుది. ఓర్‌ఫిష్‌కి దగ్గరి చుట్టం గుండ్రంగా ఎర్రగా ఉండే ఓపా చేప అంటే, రెండింటినీ పక్కపక్కన చూసినవాళ్ళెవరూ నమ్మరు.

## విశాఖపట్నం సంగతి

దీనికి విశాఖతో సంబంధం ఉందట కదా, ఏమిటది?

ఉంది. ఈ పేజీ రాయడానికి నాకు అన్నిటికన్నా పెద్ద కారణం అదే.

పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు 1780ల్లో విశాఖపట్నంలో ఉన్నాడు. అన్నకో తమ్ముడికో తోడుగా వచ్చినవాళ్ళు ఆ రోజుల్లో చాలామంది. ఈయన కూడా విశాఖలో ఉద్యోగం వచ్చిన తన తమ్ముడి కుటుంబంతో కలిసి వచ్చాడు. 1785లో ఈస్టిండియా కంపెనీ ఆయన్ని కర్ణాటక ప్రాంతానికి ప్రకృతి శాస్త్రవేత్తగా నియమించింది. మొక్కలూ పాములూ చూస్తూనే, విశాఖ రేవులో మత్స్యకారులు తెచ్చే చేపల్ని ఒక్కొక్కటిగా పరిశీలించి, బొమ్మలు వేయించి, వివరాలు రాసుకున్నాడు. ఇంగ్లండ్ తిరిగి వెళ్ళాక, 1803లో లండన్‌లో ఆ రెండు వందల చేపల వర్ణన రెండు సంపుటాలుగా అచ్చయింది. విశాఖపట్నంలో సేకరించిన చేపలని పుస్తకం పేరులోనే ఉంది.

ఆ రెండు వందల్లో ఒకటి ఓర్‌ఫిష్. ఆ బొమ్మనీ, ఆ వివరణనీ ఆధారం చేసుకుని, ఫ్రాన్స్‌కి చెందిన కువియే 1816లో రస్సెలీ అనే జాతి పేరు పెట్టాడు. ఈ రోజు జపాన్‌లో ఒక ఓర్‌ఫిష్ దొరికితే అక్కడి శాస్త్రవేత్త తన కాగితం మీద రాసుకునే పేరు రెగాలెకస్ రస్సెలీ. ఆ పేరు పుట్టింది మన విశాఖ రేవులో ఎవరో మత్స్యకారుడు ఒడ్డుకి తెచ్చిన చేప మీద.

నాకు ఈ పుస్తకంలో మరీ ఇష్టమైన విషయం ఇంకొకటి ఉంది. రస్సెల్ చాలా చేపలకి మన మత్స్యకారులు చెప్పిన తెలుగు పేర్లనే శీర్షికలుగా, ఇంగ్లీషు అక్షరాల్లో తనకి వినిపించినట్టు రాసుకున్నాడు. పాల సొర లాంటి పేర్లు ఆ పేజీల్లో చదువుతుంటే రెండు శతాబ్దాల కిందటి విశాఖ ఒడ్డున ఎవరో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ఆయనకి చేపల పేర్లు చెప్పిన ఆ మనుషుల పేర్లు మాత్రం మనకి మిగల్లేదు. ఆ లోటు నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

పాట్రిక్ రస్సెల్ అంటే పాముల రస్సెలేనా?

ఆయనే. మన పొలాల్లో తిరిగే రక్తపింజరని ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అంటారు, అది ఈయన పేరే. కోరమాండల్ తీరపు పాముల మీద ఆయన పుస్తకం 1796లో వచ్చింది. అందులో ఈ పాముని స్థానికులు కాటుకరేకుల పొడ అంటారని రాశాడు. పాము శాస్త్రీయ నామంలో రస్సెలీ ఉంది, చేప శాస్త్రీయ నామంలోనూ రస్సెలీయే ఉంది. రెండూ మన ప్రాంతం నుంచే వెళ్ళాయి. ఆయన 1805లో చనిపోయాడు, అంటే చేపల పుస్తకం వచ్చిన రెండేళ్ళకి.

గ్లెస్నే, రస్సెలీ రెండింటికీ తేడా ఎలా తెలుస్తుంది?

చూపుతో తేల్చడం కష్టం. చాలాకాలం రెండూ ఒకటే అనుకున్నారు, గ్లెస్నే అన్న పేరే అన్నిటికీ వాడేశారు. టైసన్ రాబర్ట్స్ అనే శాస్త్రవేత్త ప్రపంచం నలుమూలల నమూనాలు పరిశీలించి 2012లో రాసిన పుస్తకం రెండు జాతుల్ని స్పష్టంగా విడదీసింది. నెత్తి మీది కిరీటం అమరికా, మలద్వారానికి ముందు వీపు రెక్కలో ఎన్ని పుల్లలున్నాయన్న లెక్కా అందులో ముఖ్యం. రస్సెలీకి ఆ లెక్క తక్కువ.

## శరీరం, బతుకు తీరు

ఎంత లోతులో ఉంటుంది?

పై నీళ్ళ నుంచి సుమారు 1,000 మీటర్ల లోతు దాకా. వెలుతురు సన్నగిల్లే మధ్య లోతుల్లో ఎక్కువగా ఉంటుంది. అడుగున బురదలో పడుకునే చేప కాదు, నడి నీళ్ళలో తేలుతూ బతుకుతుంది. మెక్సికో సింధుశాఖలో చమురు బావుల దగ్గర పనిచేసే నీటి అడుగు రోబోల కెమెరాలకి 2008, 2011 మధ్య అయిదు సార్లు సజీవంగా చిక్కింది. అప్పుడు అది ఉన్న లోతు 38 మీటర్ల నుంచి 492 మీటర్ల వరకు. ధ్రువాల దగ్గరి అతి చల్లటి నీళ్ళు తప్ప దాదాపు అన్ని మహాసముద్రాల్లోనూ ఈ కుటుంబం ఉంది.

పాములా మెలికలు తిరుగుతూ ఈదుతుందా?

అలా ఈదదు, ఇది చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. నీటిలో నిలువుగా, తల పైకి, తోక కిందికి పెట్టి, కర్రలా ఒళ్ళు నిటారుగా ఉంచి నిలబడుతుంది. కదిలేది వీపు రెక్క ఒక్కటే. ఆ పొడవాటి ఎర్ర రెక్క మీద అల తర్వాత అల పరుగెడుతుంటే చేప మెల్లగా పైకో కిందికో జారుతుంది. బతికున్న చేపని సరిగ్గా వీడియో తీయగలిగేదాకా ఇది ఎవరికీ ఖాయంగా తెలియదు. 2001లో బహామాస్ దగ్గర ఒక తేలే బోయాని పరీక్షిస్తున్న అమెరికా నౌకాదళం వాళ్ళు తీసిన వీడియో అలాంటి మొదటివాటిలో ఒకటి. ఒడ్డున చచ్చి పడున్న చేపలే చూస్తూ ఉంటే రెండు వందల ఏళ్ళయినా ఈ నిలువు భంగిమ ఊహకి అందేది కాదు.

నిలువుగా ఎందుకు ఉంటుంది?

ఆహారం కోసం అన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. పై నుంచి వచ్చే సన్నటి వెలుతురులో చిన్న జీవుల నీడలు పైన కనిపిస్తాయి, చేప తల పైకెత్తి వాటి కోసం చూస్తుంది. పైగా నిలువుగా ఉన్న పల్చటి ఒళ్ళు కింద నుంచి చూసే శత్రువుకి చిన్న చుక్కలాగే ఆనుతుంది.

మనిషిని కరుస్తుందా? ఏం తింటుంది?

కరవడానికి పళ్ళు లేవు. నోరు చిన్నది, గొట్టంలా ముందుకి సాగుతుంది. క్రిల్ అనే రొయ్యపిల్లల్లాంటి జీవుల్నీ, చిన్న చేపల్నీ, బుల్లి స్క్విడ్‌లనీ నీటితో సహా లోపలికి లాక్కుంటుంది. మొప్పల దగ్గర దువ్వెన పళ్ళలా ఉండే సన్నటి ముళ్ళు జల్లెడలా పనిచేసి వాటిని ఆపుతాయి. ఎనిమిది మీటర్ల చేప బతికేది రొయ్యపొట్టంత జీవుల మీద. మనిషికి దీనివల్ల హాని జరిగిన దాఖలా లేదు.

పొలుసులు లేవా? పట్టుకుంటే చేతికి వెండి రంగు అంటుతుందేమిటి?

పొలుసులు లేవు. చర్మం మీద చిన్న చిన్న బొడిపెలు ఉంటాయి, పైన గ్వానిన్ అనే పదార్థంతో వెండి పూత ఉంటుంది. పెళుసైన పూత, వేలు తగిలితే చాలు రాలిపోతుంది. అందుకే వలలో రాసుకున్న చేప మచ్చలు మచ్చలుగా కనబడుతుంది. సహజంగా ఉండే నల్లటి మచ్చలు, గీతలు వేరు.

తోక తెగిపోయినట్టు మొండిగా ఎందుకుంటుంది? సొర కొరికిందా?

దొరికిన పెద్ద ఓర్‌ఫిష్‌లలో చాలావాటికి తోక చివర ఉండదు. తెగిన చోట గాయం పూర్తిగా మానిపోయి ఉంటుంది, అంటే చచ్చేముందు జరిగింది కాదు, ఎప్పుడో జరిగి బతికినదన్న మాట. బల్లి తోక వదిలేసినట్టు ఈ చేప తనంతట తానే తోక ముక్క వదిలేస్తుందని రాబర్ట్స్ తన పుస్తకంలో వివరించాడు. జీవితంలో ఒకటికన్నా ఎక్కువ సార్లు కూడా వదులుతుంది. బల్లికి తోక మళ్ళీ మొలుస్తుంది, దీనికి మొలవదు. ఎందుకు వదులుతుందో ఇంకా వాదనలు నడుస్తున్నాయి. ప్రాణానికి ముఖ్యమైన అవయవాలు ఆ చివర లేవు, కాబట్టి పోయినా బతుకు సాగుతుంది. పొడవు కొలిచేటప్పుడు మాత్రం ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మన ముందున్నది ఒకప్పుడు ఇంకా పొడవుగా ఉన్న చేప కావచ్చు.

గుడ్లు పెడుతుందా, పిల్లల్ని కంటుందా?

గుడ్లే. రెండు మూడు మిల్లీమీటర్ల గుడ్లు, నీటి పైపొరల్లో తేలుతూ పొదుగుతాయి. తల్లీ తండ్రీ కాపలా ఉండవు.

ఈ విషయంలో పెద్ద అడుగు పడింది 2019లో, జపాన్‌లోని ఒకినావాలో. అక్కడి మత్స్యకారుల వలల్లో ఒక ఆడ, ఒక మగ రస్సెలీ దొరికాయి. ఒకినావా చురాషిమా ఫౌండేషన్ శాస్త్రవేత్తలు వాటి గుడ్లనీ వీర్యాన్నీ తీసి కలిపితే 18 రోజులకి పిల్లలు బయటికొచ్చాయి. ఓర్‌ఫిష్ గుడ్డు ఎలా ఎదుగుతుందో మనిషి మొదటి నుంచీ చూడటం అదే మొదటిసారి. ఆ పిల్లలు నోరు తెరుచుకుని ఈదాయి, కానీ తిండి పట్టక కొన్ని రోజుల్లోనే చనిపోయాయి. అంత చిన్న పిల్ల ఏం తింటుందో తెలుసుకోవడం ఇప్పుడు వాళ్ళ ముందున్న పని.

ముట్టుకుంటే కరెంటు షాక్ కొడుతుందంటారు, నిజమా?

అగ్రోస్టిక్తిస్ అనే సన్నటి రకాన్ని ముట్టుకున్నప్పుడు చిన్న షాక్ తగిలినట్టు అనిపించిందని చెప్పినవాళ్ళున్నారు. దాన్ని ప్రయోగంతో నిర్ధారించలేదు. మన సముద్రంలో దొరికే రస్సెలీ విషయంలో అలాంటి భయం అక్కర్లేదు.

అక్వేరియంలో చూడొచ్చా?

బతికున్నది చూడటం కష్టం. లోతు నీళ్ళ చీకటికీ చల్లదనానికీ అలవాటుపడ్డ ఒళ్ళు, గోడ తగిలితే చిరిగిపోయే చర్మం, నిలువుగా ఈదడానికి చాలా లోతు కావాలి. మ్యూజియంలలో రసాయనంలో భద్రపరిచినవి ఉంటాయి, ఎర్ర రంగు మాత్రం అందులో వెలిసిపోతుంది.

## భూకంపం భయం ఉన్నవాళ్ళకి

దీన్ని డూమ్స్‌డే ఫిష్ అంటున్నారు. కనిపిస్తే భూకంపం వస్తుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

టెన్షన్ పడకండి. ఈ నమ్మకం జపాన్‌ది. అక్కడ దీని పేరు ర్యూగూ నో త్సుకాయ్, అంటే సముద్ర దేవుడి కోటనుంచి వచ్చిన దూత. ఎంత అందమైన పేరో చూడండి. ఆ దూత పైకొస్తే భూకంపం కబురు తెచ్చిందని అక్కడి పెద్దలు అనుకునేవారు.

ఆ మాటలో నిజం ఎంతో జపాన్ శాస్త్రవేత్తలే లెక్క తీశారు. 1928 నుంచి 2011 వరకు ఓర్‌ఫిష్, దాని లాంటి లోతు నీటి చేపలు కనిపించిన 336 సందర్భాల్ని పాత వార్తల నుంచీ, రికార్డుల నుంచీ పోగుచేశారు. అదే కాలంలో జపాన్‌లో వచ్చిన 6 తీవ్రతకు మించిన 221 భూకంపాలతో పోల్చారు. చేప కనిపించిన కొద్ది రోజుల్లో ఆ దగ్గర్లో భూకంపం వచ్చినది ఒకే ఒక్కసారి, 2007లో నీగాతా దగ్గర. 2019లో అమెరికా భూకంప శాస్త్ర సంఘం పత్రికలో ఈ ఫలితం అచ్చయింది. సంబంధం నిజంగా ఉంటే అన్ని సందర్భాల్లో ఒక్కటే కలిసేది కాదు.

2011 జపాన్ సునామీకి ముందు చాలా ఓర్‌ఫిష్‌లు ఒడ్డుకొచ్చాయి కదా?

వచ్చాయి. ఎక్కువగా వచ్చింది 2009 చివరా 2010 మొదట్లో, అంటే భూకంపానికి దాదాపు ఏడాది ముందు. అవి దొరికింది ఎక్కువగా జపాన్‌కి పడమటి వైపు, జపాన్ సముద్రం ఒడ్డున. 2011 మార్చి 11న భూమి కంపించింది తూర్పు వైపు, పసిఫిక్ అడుగున. కాలమూ కలవలేదు, చోటూ కలవలేదు. ఇరవై వేలమంది వరకు పోయిన దుర్ఘటన తర్వాత మనుషులు వెనక్కి తిరిగి ఏదైనా సంకేతం ఉందా అని వెతుక్కుంటారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది.

కాలిఫోర్నియాలో చేప దొరికిన రెండు రోజులకే లాస్ ఏంజెలెస్‌లో భూమి కంపించింది. దానికేమంటారు?

2024 ఆగస్టు 10న లా హోయా దగ్గర సుమారు 12 అడుగుల ఓర్‌ఫిష్ దొరికింది, 12న లాస్ ఏంజెలెస్‌లో 4.4 తీవ్రతతో భూమి కదిలింది. రెండూ నిజమే. అయితే ప్రపంచంలో ఏటా 4 తీవ్రత దాటిన భూకంపాలు పదివేలకు పైనే వస్తాయి, కాలిఫోర్నియా అలాంటి చోటే. అదే తీరంలో 2013 అక్టోబరులో ఒక వారం లోపే రెండు ఓర్‌ఫిష్‌లు కొట్టుకొచ్చాయి, ఒకటి 5.5 మీటర్లది. వాటి తర్వాత పెద్ద భూకంపమేమీ రాలేదు. వీడియోలు తయారుచేసేవాళ్ళు ఆ సంగతి చెప్పరు.

మరి లోతు నీళ్ళలో ఉండే చేప ఒడ్డుకి ఎందుకొస్తుంది?

చాలావరకు జబ్బుపడో, గాయపడో, వయసు మళ్ళో వస్తుంది. బలంగా ఈదే చేప కాదు. తుపాను గాలులూ, దారి మళ్ళిన ప్రవాహాలూ పైకి నెడితే ఎదురీదలేదు. నీటి ఉష్ణోగ్రత ఒక్కసారిగా మారినా, ఆహారం వెంట పైకి వచ్చినా అలల్లో చిక్కుకుంటుంది. కాలిఫోర్నియాలో 1901 నుంచి ఒడ్డుకొచ్చినవి ఇరవై చిల్లర మాత్రమే. అంత అరుదు కాబట్టే ప్రతి చేపా వార్త అవుతోంది.

ఒడ్డున చూశాం. అపశకునం అంటున్నారు, శాంతి చేయించాలా?

ఇంట్లో పెద్దల మనసు కుదుటపడుతుందంటే పూజ చేసుకోవడంలో అడ్డేముంది. కానీ భయపడి ఊరు వదలడం, వేటకి వెళ్ళడం మానుకుని రోజు కూలీ పోగొట్టుకోవడం వద్దు. జబ్బుపడిన చేప చచ్చి ఒడ్డుకొచ్చింది, అంతే జరిగింది.

మరి సునామీ వస్తుందో లేదో ఎవరు చెప్తారు?

హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం చెప్తుంది. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర వచ్చిన భూకంపం, దాని సునామీ మన తీరం ఇంకా మరిచిపోలేదు. ఆ అనుభవం తర్వాతే భారత సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం ఏర్పడింది, 2007 నుంచి ఇన్‌కాయిస్‌లో పగలూ రాత్రీ పనిచేస్తోంది. సముద్రం అడుగున పీడనం కొలిచే పరికరాలు, తీరం వెంట నీటిమట్టం చూసే పరికరాలు, భూకంపాల్ని నమోదు చేసే కేంద్రాలు అక్కడికి సమాచారం పంపుతుంటాయి. సముద్రంలో పెద్ద భూకంపం వస్తే నిమిషాల్లో ప్రకటన వస్తుంది. ఒడ్డున ఉండగా భూమి గట్టిగా, చాలాసేపు కంపించినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి వెళ్ళినా ప్రకటన కోసం ఎదురుచూడకుండా ఎత్తైన చోటుకి వెళ్ళిపోండి.

## వలలో పడితే, ఒడ్డున కనిపిస్తే

ఇంకా కదులుతోంది. నీళ్ళలోకి వదిలేయొచ్చా?

వదిలి చూడండి. తోక పట్టి లాగకండి, ఒళ్ళు విరుగుతుంది. ఇద్దరు ముగ్గురు కింద చేతులు పెట్టి మోసి, అలలు విరిగే చోటు దాటించి వదలాలి. ఒడ్డు దాకా వచ్చిన చేప బతకడం అరుదు, మళ్ళీ కొట్టుకొచ్చినా మీ తప్పు కాదు.

తినొచ్చా? ఎంత ధర పలుకుతుంది?

విషం లేదు. మాంసం మాత్రం జిగురుగా, నీళ్ళగా ఉంటుంది. దీని కోసం వేటాడేవాళ్ళు ప్రపంచంలో ఎక్కడా లేరు, మార్కెట్టూ లేదు. కూరలో వేస్తే ఒక పూట, అది కూడా రుచి లేని పూట. శాస్త్రవేత్తల చేతిలో పెడితే అదే చేప వందేళ్ళు పనికొస్తుంది.

అంతరించిపోతోందా?

అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దీన్ని ఆందోళన తక్కువగా ఉన్న జాతుల్లో పెట్టింది. మన కంటికి కనబడటం అరుదు తప్ప, అంత విశాలమైన నీళ్ళలో ఉంది.

ఎవరికి చెప్పాలి?

విశాఖలో ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, అంటే సీఎంఎఫ్‌ఆర్‌ఐ ప్రాంతీయ కేంద్రానికి చెప్పండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర జీవుల మీద పనిచేసే విభాగం ఉంది, వాళ్ళకి చెప్పినా సంతోషిస్తారు. దూరంగా ఉంటే మీ ఊరి మత్స్యశాఖ అధికారికి కబురు పంపితే చాలు. వాళ్ళు వచ్చేదాకా ఎండలో వదిలేయకుండా ఐసు వేసి, తడి గోనె కప్పండి.

ఎవరూ వచ్చే వీలు లేదు, ఫోన్ ఒక్కటే ఉంది. ఏం ఫోటోలు తీయాలి?

చేపని నేల మీద తిన్నగా పరిచి, పక్కన ఏదైనా కొలత తెలిసిన వస్తువు పెట్టండి. టేపు లేకపోతే తెడ్డో, వల తాడో పెట్టి తర్వాత దాన్ని కొలిచినా సరే. మొదట మొత్తం చేప ఒక ఫోటో. తర్వాత తల పక్క నుంచి, నెత్తి మీది ఎర్ర పుల్లలు విరగకుండా పైకి నిలిపి. రొమ్ము కింద వేలాడే రెండు పుల్లల చివర్లు. తోక చివర దగ్గరగా, తెగి మానిందో లేదో కనబడేట్టు. అన్నిటికన్నా ముఖ్యం, తల నుంచి మలద్వారం దాకా వీపు రెక్క పొడవునా ముక్కలు ముక్కలుగా స్పష్టంగా తీసినవి. గ్లెస్నేనో రస్సెలీయో తేల్చడానికి ఆ పుల్లలు లెక్కపెట్టాలి. వల ఎక్కడ వేశారో, ఎంత లోతులో వేశారో, ఏ రోజు, ఏ వేళ, ఎవరి పడవ, అన్నీ ఒక కాగితం మీద రాసి ఆ కాగితాన్నీ ఫోటో తీయండి. చేపని పట్టినవాళ్ళ పేర్లు కూడా రాయండి, వాళ్ళు ఒప్పుకుంటే.